సంచి నిండా పోషన్లు పెట్టుకుని చచ్చిపోవద్దు

డంజియన్ క్రాల్ అనే కంప్యూటర్ గేమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఏ జాతి తీసుకోవాలి, ఏ క్లాస్ తీసుకోవాలి, గొడ్డలి మంచిదా కత్తి మంచిదా, ఏ దేవుణ్ణి పట్టుకుంటే గెలుస్తాం. వీటికి జవాబులు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, చాలావరకు సరిగ్గానే రాశారు కూడా. కానీ నా ఉద్దేశంలో మొదట తేల్చుకోవాల్సిన విషయం అది కాదు. మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో చచ్చిపోయే క్యారెక్టర్‌ని ఎంత గొప్ప బిల్డ్‌తో (జాతి, క్లాస్, ఆయుధం, స్కిల్స్ కలిపి) మొదలుపెట్టినా అక్కడే చచ్చిపోతుంది, ఎందుకంటే దాన్ని చంపుతున్నది వెళ్ళిపోవాల్సిన టైములో నిలబడి కొట్టే అలవాటు. ముందు వెళ్ళిపోవడం రావాలి. బిల్డ్ సంగతి తర్వాత.

దీనికి సాక్ష్యం గేమే ఇస్తుంది. క్యారెక్టర్ చచ్చిపోగానే గేమ్ ఒక టెక్స్ట్ ఫైల్ రాసి పెడుతుంది, ఆడేవాళ్ళు దాన్ని మోర్గ్ ఫైల్ అంటారు. ఎవరు చంపారు, ఏ అంతస్తులో, చివరగా వచ్చిన మెసేజ్‌లు, చుట్టూ మ్యాప్, స్కిల్స్, సంచిలో మిగిలిన ప్రతి వస్తువూ అందులో ఉంటాయి. ఆన్‌లైన్ సర్వర్లలో ఆడినవాళ్ళవైతే ఎవరైనా తెరిచి చూడొచ్చు. కొత్తవాళ్ళవి కొన్ని చదివితే ఒకే కథ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: గాయాలు మాన్పే పోషన్లు (తాగే మందులు) ఉన్నాయి, ఇంకో చోటికి చేర్చే టెలిపోర్టేషన్ స్క్రోల్ (చదివితే పనిచేసే మంత్రపు చుట్ట) ఉంది, చదవకుండా దాచుకున్న తెలియని స్క్రోల్స్ ఉన్నాయి, పైకి వెళ్ళే మెట్లు పది గళ్ళ దూరంలో ఉన్నాయి, మనిషి మాత్రం లేడు.

ఈ రకం గేమ్స్ తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. 1980 ప్రాంతంలో రోగ్ అనే గేమ్ వచ్చింది, యూనిక్స్ టెర్మినల్ మీద అక్షరాలతో గీసిన గుహలు, ప్రతి ఆటకీ మ్యాప్ మారిపోతుంది, చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ దారిలో వచ్చినవే రోగ్‌లైక్‌లు. 1997లో లిన్లీ హెంజెల్ డంజియన్ క్రాల్ రాశాడు, 2006లో కొందరు దాన్ని స్టోన్ సూప్ పేరుతో ముందుకు తీసుకెళ్ళారు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. ప్రధాన డంజియన్ 15 అంతస్తులు, మధ్యలో పక్కకి వెళ్ళే శాఖలు. మొత్తం 15 రూన్‌లు (సేకరించాల్సిన మంత్ర చిహ్నాలు) ఉంటాయి, వాటిలో కనీసం 3 సంపాదిస్తే జాట్ అనే చోటికి దారి తెరుచుకుంటుంది, అక్కడున్న గోళాన్ని తీసుకుని మళ్ళీ పైదాకా ఎక్కి బయటపడితే గెలిచినట్టు. చచ్చిపోతే మాత్రం సేవ్ ఫైల్ ఉండదు.

మా చిన్నాన్న కొడుకు హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు, నేనే వాడికి ఈ గేమ్ చూపించాను. ఫోన్ చేసినప్పుడల్లా వాడు చెప్పేది ఒకటే: "ఇదంతా లక్కే అన్నా, మూడో ఫ్లోర్‌లోనే ఓగర్‌ని పంపిస్తే ఎవడు మాత్రం ఏం చేస్తాడు?" ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను, గట్టిగా ఖండించాలని ఎప్పటినుంచో ఉంది. అదృష్టం అసలు లేదని అనను. ఏ అంతస్తులో ఏం దొరుకుతుందో, ఎవరు ఎదురవుతారో ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఒకసారి కూడా చావకుండా వరసగా పదికి పైగా ఆటలు గెలిచినవాళ్ళు ఉన్నారు, అదీ ఆటకో జాతి, ఆటకో క్లాస్ మార్చుకుంటూ. వాళ్ళ మూడో అంతస్తులోనూ ఓగర్లు వచ్చే ఉంటాయి కదా.

ఆ ఓగర్‌నే తీసుకుందాం. భారీ రాక్షసుడు, చేతిలో పెద్ద దుడ్డుకర్ర, ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే 20కి పైగా హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) పోవచ్చు, ఆ సమయానికి మీకుండేదే ముప్పై చిల్లర. ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. ఓగర్ కనిపిస్తుంది, మీరు టాబ్ నొక్కుతారు, క్యారెక్టర్ తనంతట తనే ఎదురు వెళ్ళి కొడుతుంది. ఓగర్ రెండుసార్లు గురి తప్పుతుంది, మీకు ధైర్యం వస్తుంది. మూడోసారి తగులుతుంది, హెచ్‌పీ 11కి పడుతుంది. ఇప్పుడు టెన్షన్ మొదలవుతుంది, ఇంకొక్క దెబ్బ కొడితే చచ్చేలా ఉంది కదా అని ఇంకోసారి కొడతారు. అయిపోయింది. దీన్ని దురదృష్టం అంటున్నారు. ఓగర్ చూపు మేరలోకి వచ్చిన క్షణంలో మీ హెచ్‌పీ నిండుగా ఉంది, మధ్యలో ఆరేడు గళ్ళ ఖాళీ ఉంది, ఓగర్ నడక మీ నడకంతే, మిమ్మల్ని అందుకోలేదు. మెట్ల దాకా నడిచి పైకి వెళ్ళిపోతే పక్క గడిలో ఉన్నవాళ్ళే వెంట వస్తారు, దూరంగా ఉన్నవాళ్ళు రారు. లేదా దూరం నుంచే బూమరాంగ్‌లో డార్ట్‌లో విసిరి కొంత తగ్గించాక కొట్టొచ్చు. ఆ ఆరేడు గళ్ళ దూరంలో ఇన్ని దారులున్నాయి. ఓగర్ పక్కకి వచ్చాక సగం దారులు మూసుకుపోతాయి. హెచ్‌పీ 11 అయ్యాక మిగిలేది ప్రార్థనే.

అందుకే కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి పని, కొత్త శత్రువు కనిపించగానే చేయి కీబోర్డు మీద నుంచి తీసేయడం. ఇది టర్నుల ఆట. మీరు కీ నొక్కేదాకా ప్రపంచంలో ఏదీ కదలదు, లేచి టీ పెట్టుకుని వచ్చినా ఓగర్ అక్కడే నిలబడి ఉంటుంది. ఎక్స్ నొక్కి ఆ శత్రువు వివరాలు తెరవండి, ఇప్పటి వెర్షన్లలో అది మిమ్మల్ని కొట్టగలిగే అవకాశం ఎంత శాతమో, ఎక్కువలో ఎక్కువ ఎంత నష్టం చేయగలదో కూడా రాసి ఉంటుంది. ఆ పెద్ద అంకెని రెండుతో గుణించండి. అది మీ దగ్గరున్న హెచ్‌పీ కంటే ఎక్కువైతే, ఇప్పుడే, నిండు ఆరోగ్యంతో ఉన్నప్పుడే, ఏదో ఒకటి చేయాలి. సగటు దెబ్బ ఎంతన్నది నాకు పట్టదు. క్యారెక్టర్‌ని చంపేది సగటు దెబ్బ కాదు.

ఓ (o) కీ నొక్కితే క్యారెక్టర్ తనే అంతస్తంతా తిరిగి చూస్తుంది, టాబ్ నొక్కితే తనే కొడుతుంది, 5 నొక్కితే విశ్రాంతి తీసుకుంటుంది. ఈ మూడు కీలూ చాలా మంచి సదుపాయాలు, వాడొద్దని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను, ఎలుకల్ని ఒక్కోటిగా చంపుతూ కూర్చుంటే ఎవరికైనా విసుగొస్తుంది. కాకపోతే వాటికి ఒక హద్దు ఉంది. హెచ్‌పీ బాగా పడిపోయాక టాబ్ పనిచేయడం మానేసి గేమ్ మిమ్మల్ని హెచ్చరిస్తుంది. చాలామంది అప్పుడు బాణం కీలతో కొట్టడం మొదలుపెడతారు. గేమ్ అంత స్పష్టంగా ఆగమని చెప్పే చోటు ఇంకోటి లేదు, అక్కడ ఆగండి.

వెళ్ళిపోవడం అంటే వీపు చూపించి పరిగెత్తడం ఒక్కటే అనుకోవద్దు. నక్కల గుంపు వచ్చిందనుకోండి, అవి మీకంటే వేగం, పరిగెత్తితే వెనక నుంచి కరుస్తాయి, అదే సన్నటి దారిలోకి ఒక్క అడుగు వెనక్కి వేస్తే నాలుగూ ఒకేసారి కరవలేవు. అడ్డర్ అనే పాము కూడా మీకంటే వేగమే, విషం కూడా ఎక్కిస్తుంది, దాని దగ్గర పరుగు దండగ, నిలబడి కొట్టాల్సిందే. ఓర్క్ పూజారి వేరే రకం. వాడు దూరం నుంచి చేసే శాపాన్ని తప్పించుకోలేరు, డాలు ఆపదు, కానీ వాడికి మీరు కనబడాలి. గోడ మలుపు చాటుకి వెళ్ళి నిలబడితే వాడే వెతుక్కుంటూ పక్కకి వస్తాడు, పక్కకి వచ్చిన పూజారి బలహీనుడు. విల్లు పట్టినవాళ్ళకీ మంత్రగాళ్ళకీ ఇదే మందు. మెట్లైతే అన్నిటికంటే మేలు: ఐదుగురున్న గుంపులో ఒక్కడు పక్కకి వచ్చేదాకా ఆగి పైకి ఎక్కితే వాడొక్కడే వెంట వస్తాడు, మిగతావాళ్ళు కిందే ఉంటారు, వీడి పని పూర్తిచేసి 5 నొక్కి కోలుకుని మళ్ళీ దిగొచ్చు. ఒక్కో అంతస్తుకి దిగే మెట్లు మూడు చోట్ల ఉంటాయి. రెండో అంతస్తులో సిగ్మండ్ కనిపించాడంటే (కొడవలి పట్టుకుని, మాయమవుతూ, మిమ్మల్ని గందరగోళంలో పడేసే ముసలాడు, కొత్తవాళ్ళ పాలిట యముడు) ఆ అంతస్తుని వాడికి వదిలేసి వేరే మెట్ల మీదుగా కిందికి పోయి, నాలుగు లెవెల్స్ పెరిగాక తిరిగి రండి. వాడు ఎక్కడికీ పోడు. వాడిని చంపితే వచ్చే అనుభవం పాయింట్లూ ఎక్కడికీ పోవు. వదిలేస్తే ఏదో పోగొట్టుకుంటామన్న భయం ఈ గేమ్‌లో నిజంగా నిరాధారం.

ఇక సంచి సంగతి. స్క్రోల్స్, పోషన్లు మొదట పేరు తెలియకుండా దొరుకుతాయి, ఏ రంగు పోషన్ ఏమిటన్నది ప్రతి ఆటకీ మారిపోతుంది. వీటిని అవసరానికి పనికొస్తాయని, ఏమిటో తెలుసుకోకుండానే దాచుకోవడం కొత్తవాళ్ళు చేసే పనుల్లో అన్నిటికంటే నష్టకరమైనది. పెళ్ళిళ్ళకని బీరువాలో దాచిన పట్టుచీర మడతల దగ్గర చిరిగిపోయినట్టే అవుతుంది. చుట్టూ ఎవరూ లేనప్పుడు, హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు, వీలైతే మెట్ల మీద నిలబడి, ఒక్కో స్క్రోల్ చదివేయండి, ఒకే రకం ఎక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టండి. చెడ్డవి కొన్ని ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు వాటి చెడు చాలావరకు భరించగలిగేదే. దీనివల్ల వచ్చే లాభం, నాలుగో అంతస్తు చేరేసరికి టెలిపోర్టేషన్ ఏదో, బ్లింకింగ్ ఏదో, గాయాలు మాన్పేది ఏదో మీకు తెలిసి ఉంటుంది. చావు దగ్గరికి వచ్చాక తెలియని పోషన్ తాగి చూడటం లాటరీ టికెట్ కొనడమే.

తెలిసిన తర్వాత వాడే సమయం కూడా తెలియాలి. టెలిపోర్టేషన్ స్క్రోల్ చదివిన వెంటనే పనిచేయదు, కొన్ని టర్నులు పడుతుంది, ఆ కొన్ని టర్నులూ మీరు బతికుండాలి. కాబట్టి అది హెచ్‌పీ సగం కంటే పైన ఉన్నప్పుడు చదవాల్సిన స్క్రోల్. బ్లింకింగ్ అలా కాదు, కనిపించే మేరలో మీరు చూపించిన గడిలోకి తక్షణం చేరుస్తుంది, అందుకే దాన్ని నిజంగా ఇరుక్కున్నప్పటికి ఉంచుకోవచ్చు. గందరగోళంలో ఉన్నప్పుడు స్క్రోల్ చదవలేరు, పోషన్ తాగొచ్చు, క్యూరింగ్ పోషన్ ఆ గందరగోళాన్నీ విషాన్నీ రెండింటినీ తీసేస్తుంది. సిగ్మండ్ చేతిలో చచ్చిపోయినవాళ్ళ సంచుల్లో ఈ పోషన్ ఎన్నిసార్లు మిగిలి ఉందో చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వేగం పెంచే హేస్ట్, బలం పెంచే మైట్ లాంటి పోషన్లు గెలవాల్సిన పోరాటం మొదట్లో తాగండి. చివర్లో తాగితే అవి చేసేదేమీ ఉండదు.

ఇప్పుడు బిల్డ్‌కి వద్దాం. మొదటి క్యారెక్టర్‌గా మైనటార్ బెర్సర్కర్ తీసుకోమని అందరూ చెప్తారు, నేనూ అదే చెప్తాను, మైనటార్ ఫైటర్ అయినా సరే. మైనటార్‌కి ఆయుధాల స్కిల్స్ అన్నీ త్వరగా వస్తాయి, ఒళ్ళు గట్టిది, కొమ్ములతో అదనంగా పొడుస్తుంది. బెర్సర్కర్‌కి ట్రాగ్ అనే దేవుడు మొదటి నుంచే తోడుంటాడు, మంత్రాలంటే ఆ దేవుడికి గిట్టదు, కాబట్టి కొత్తవాళ్ళకి నేర్చుకోవాల్సినవి సగం తగ్గిపోతాయి. కానీ ఇక్కడే ఒక ఉచ్చు ఉంది, గైడ్లలో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. బెర్సర్క్ అయినంతసేపు హెచ్‌పీ పెరుగుతుంది, దెబ్బలు వేగంగా గట్టిగా పడతాయి, కానీ పోషన్ తాగలేరు, స్క్రోల్ చదవలేరు. అది అయిపోయాక కాసేపు నెమ్మదిగా కదులుతారు, వెంటనే మళ్ళీ బెర్సర్క్ కాలేరు. అంటే అది తప్పించుకునే సాధనం కాదు. కంటికి కనిపిస్తున్న అందరినీ ఆ లోపు చంపేయగలం అనుకున్నప్పుడే వాడాలి. ఓగర్ ఒక్కటే ఉంటే వాడండి. గుంపు ఇంకా మలుపు వెనక నుంచి వస్తూ ఉంటే వద్దు.

స్కిల్స్ దగ్గర కొత్తవాళ్ళు అన్నింటికీ తలా కొంచెం పంచుతారు. ఆటోమేటిక్ ట్రైనింగ్ తీసేసి మాన్యువల్ పెట్టుకోండి, మొదట్లో ఆయుధం, ఫైటింగ్, ఈ రెండే. ఆయుధం స్కిల్ రెండు పెరిగినప్పుడల్లా దెబ్బకి పట్టే సమయం 0.1 టర్ను తగ్గుతుంది, ఒక హద్దు దాకా. యుద్ధ గొడ్డలి అంటే వార్ యాక్స్‌కి మొదట 1.5 టర్నులు పడుతుంది, స్కిల్ 16కి వచ్చేసరికి 0.7కి దిగుతుంది, దాని తర్వాత వేగం పెరగదు. రెండు చేతుల బ్యాటిల్ యాక్స్‌కి 1.7, అది 0.7కి రావాలంటే స్కిల్ 20 కావాలి. పెద్ద ఆయుధం దొరగ్గానే ఎగబడకూడదని చెప్పేది ఈ లెక్కే. స్కిల్ 6తో పెద్ద గొడ్డలి ఊపుతుంటే ఒక్కోసారి మీరు ఒక దెబ్బ కొట్టేలోపు అవతలివాడు రెండు కొడతాడు. గొడ్డళ్ళకి ఒక గొప్ప గుణం ఉంది, చుట్టూ ఉన్న శత్రువులందరినీ ఒకే ఊపులో కొడతాయి. ఈటెలు రెండో గడి దాకా అందుతాయి. ఆయుధానికి కావాల్సిన స్కిల్ వచ్చాక బరువు కవచం వేసుకుంటే ఆర్మర్, తేలిక కవచమైతే డాడ్జింగ్. కొత్తవాళ్ళకి ఇంతకు మించి అక్కర్లేదు.

నేను గట్టిగా నమ్మేది ఇంకోటి ఉంది. ముందే రాసుకున్న బిల్డ్‌ని డంజియన్ మీద రుద్దకండి. నేను కత్తుల మనిషిని అని మొదటి అంతస్తులోనే నిర్ణయించుకుని, నాలుగో అంతస్తులో మంచి గొడ్డలి దొరికినా పారేసి ముందుకు పోయేవాళ్ళున్నారు. దొరికినదాన్ని బట్టి మారడమే ఈ ఆటలో క్యారెక్టర్‌ని కట్టడం. నాలుగు నుంచి ఏడో అంతస్తు మధ్యలో ఎక్కడో గుడి ఉంటుంది, దేవుడు లేని క్యారెక్టర్ అయితే అక్కడ చేతిలో ఉన్నది చూసి ఎంచుకోవచ్చు, పోరాడే క్యారెక్టర్‌కి ఒకావరు అనే యుద్ధ దేవుడు దొరికితే చాలా సంతోషించాలి. ఎనిమిది నుంచి పదకొండో అంతస్తు మధ్య లేయర్ అనే శాఖకి దారి ఉంటుంది, జంతువులుండే చోటు, దొరకగానే ప్రధాన డంజియన్ ఆపి అందులోకి దిగండి. అక్కడ హైడ్రా ఎదురవుతుంది, చాలా తలల పాము. కత్తితోనో గొడ్డలితోనో తల నరికితే కొత్తవి మొలుస్తాయి, తలలు పెరిగే కొద్దీ కాట్లు పెరుగుతాయి. గదతో కొడితే తలలు మొలవవు, ఆయుధానికి నిప్పు గుణం ఉంటే నరికిన చోటు మాడిపోయి మొలవవు. గొడ్డలి స్కిల్ ఎంత పెంచుకున్నా హైడ్రా దగ్గర ఈ సంగతి మారదు. సంచిలో పాత గద ఒకటి ఉంచుకున్నవాడు బతుకుతాడు, లేనివాడు దాన్ని చూసి వేరే దారిన పోయినా బతుకుతాడు.

ఇలా ప్రతి అడుగూ భయపడుతూ ఆడితే ఆటలో మజా ఏముంటుందని అడుగుతారు. నాకు ఈ ఆక్షేపణ అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. టాబ్ నొక్కుతూ గెలిచే గంటల్లో ఈ గేమ్ మిగతా వందల గేమ్స్ లాంటిదే. ఇద్దరు ఓర్క్ యోధులు ఒక పక్క, పూజారి ఇంకో పక్క, హెచ్‌పీ మూడోవంతు, చేతిలో ఒక బ్లింకింగ్ స్క్రోల్, ఒక డార్ట్ల కట్ట, పన్నెండు గళ్ళ దూరంలో మెట్లు, వీటితో పది నిమిషాలు ఆలోచించి దారి కనిపెట్టి బతికి బయటపడటంలో ఉన్న ఆనందం ఇంకెక్కడా దొరకదు. ఆ ఆలోచనే అసలు ఆట. సేవ్ ఫైల్ చెరిగిపోతుందన్న నియమం ఉన్నది అందుకే, అది లేకపోతే ఆ పది నిమిషాలు ఆలోచించే అవసరమే రాదు.

చచ్చిపోయినప్పుడు మాత్రం వెంటనే కొత్త ఆట మొదలుపెట్టకుండా మోర్గ్ ఫైల్ తెరిచి మెసేజ్‌ల్ని కింద నుంచి పైకి చదవండి. చివరి దెబ్బ దగ్గర ఆగొద్దు, అక్కడ నేర్చుకునేది ఉండదు. మీ దగ్గర ఇంకా రెండు దారులున్న చివరి టర్ను ఏదో వెతకండి. అది తరచుగా చావుకి ఐదారు టర్నుల ముందు ఉంటుంది, ఒక్కోసారి గుంపు నిద్రలో ఉండగానే ఆ గదిలోకి అడుగుపెట్టిన టర్ను అవుతుంది. మా వాడికి ఈ పని అప్పగించాక లక్ గురించిన ఫోన్లు తగ్గాయి, ఇప్పుడు ఏ టర్నులో ఏం చేసి ఉండాల్సింది అని వాదిస్తున్నాడు, నాకు ఆ వాదనలు చాలా ఇష్టం.

లేయర్ పూర్తయ్యాక ఓర్క్‌ల గనులు, తర్వాత ప్రధాన డంజియన్ అడుగు దాకా, ఆ తర్వాత లేయర్‌లోంచి దారితీసే రెండు శాఖల్లో రెండు రూన్‌లు. పాములో సాలీళ్ళో ఉండే శాఖకి విషాన్ని తట్టుకునే శక్తి ఏదో ఒక రూపంలో, ఉంగరమో కవచమో, చూసుకుని వెళ్ళండి. మూడో రూన్‌కి చాలామంది వాల్ట్స్ ఐదో అంతస్తుకి దిగుతారు. అక్కడ దిగీ దిగగానే కాపలావాళ్ళు నాలుగు వైపుల నుంచీ వస్తారు. మెట్లెక్కి ఒక్కో గుంపుని పైకి తెచ్చుకునే పద్ధతి అక్కడ కూడా పనిచేస్తుంది, కానీ వాళ్ళలో వార్డెన్ అనేవాడు కనిపించే మేరలో ఉన్న తలుపుల్నీ మెట్లనీ కాసేపు మూసేయగలడు. వాడు కనిపించాడంటే మెట్ల మీద నమ్మకం వదిలేసి టెలిపోర్టేషన్ అప్పుడే చదివేయండి, మెట్లు మూసుకున్నాక చదువుదామని ఆగకండి.